రేపటి చలికి ఇవాళ సాయంత్రమే జవాబు

మా చిన్నాయనకు మెదక్ పట్టణానికి ఆనుకుని చెరువు కింద ఎకరంన్నర పొలం ఉంది. కొన్నేళ్ల కింద ఒక డిసెంబరు పొద్దున ఫోన్ చేసి, "బిడ్డా, తుకం పచ్చబడ్డదనుకున్న, పసుపుబడ్డది. ఒకపారి వచ్చి చూడు" అన్నాడు. నేను వెళ్లేసరికి గొంగడి కప్పుకొని గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. మడిలో నారు వేలెడు ఎత్తుంది. ఆకుల కొసలు పసుపు తిరిగి, అక్కడక్కడ ఎండుగడ్డి రంగుకు వచ్చాయి. నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయాయి.

"ఇగం పెరుగుతదని మొన్ననే చెప్పిండ్రు గద చిన్నాయనా?" అన్నాను.

"చెప్పిండ్రు. ఇన్న. ఇని ఏం జెయ్యాలె?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వార్త నేను కూడా విన్నాను. రాత్రి దుప్పటి ఇంకొంచెం బిగించుకుని పడుకున్నాను, అంతే. వాతావరణ సూచన మా ఇద్దరికీ చేరింది, ఇద్దరి చేతులూ కదల్లేదు. ఆ యాసంగి నారు సగం పోయింది, నాట్లు ఆలస్యమయ్యాయి. అప్పటినుంచి చలికాలపు సూచనను చదవడం కాదు, వాడుకోవడం నేర్చుకున్నాను. ఈ అధ్యాయంలో చెప్పేది అదే.

మనకు సూచనల కొరత లేదు. హైదరాబాద్ బేగంపేటలోని వాతావరణ కేంద్రం రోజూ జిల్లాలవారీగా సూచన ఇస్తుంది. 1875లో మొదలైన భారత వాతావరణ శాఖకు మెదక్‌లోనూ పరిశీలన కేంద్రం ఉంది. రాష్ట్ర ప్రణాళిక సంస్థ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ యంత్రాల అంకెలు వేరుగా వస్తాయి. రైతులకు ప్రతి మంగళవారం, శుక్రవారం వ్యవసాయ వాతావరణ సలహా వెలువడుతుంది, మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చదువుకోవచ్చు. ఇవన్నీ ఉచితం. అయినా మనలో చాలామంది సూచన విని "నిజమైందా, కాలేదా" అని తీర్పు చెప్పడంతో సరిపెడతాం. పరీక్ష వాతావరణ శాఖకు పెడతాం గానీ మనకు పెట్టుకోం.

చలి ఎక్కడినుంచి వస్తుంది

మెదక్ చలి సంగతి తెలియాలంటే కశ్మీరు దాకా చూడాలి. శీతాకాలంలో మధ్యధరా సముద్రం వైపునుంచి బయల్దేరే గాలి సుడులు ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా హిమాలయాలను తాకుతాయి. వీటిని పశ్చిమ అలజడులు అంటారు. గుల్మార్గ్‌లో మంచు మీద జారే ఆటలు ఆడించేవాళ్లకు ఇవే జీవనాధారం. అలజడి బలంగా వస్తే వాలుల మీద మంచు పేరుకుంటుంది, రాకపోతే పోటీలు ఆగుతాయి. 2025లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు గుల్మార్గ్‌లో ఫిబ్రవరి 22న మొదలవ్వాలి. మంచు చాలక వాయిదా వేసి, మళ్లీ మంచు కురిశాక మార్చి 9న మొదలుపెట్టారు.

అక్కడివాళ్ల పని పద్ధతిలో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. గుల్మార్గ్ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. రోప్‌వే చివరి మజిలీ 3,900 మీటర్లు దాటి ఉంటుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, కింద వాన పడుతున్న గంటలోనే పైన మంచు కురవొచ్చు. ఊరికి ఇచ్చిన అంకెను కొండ మీద పనిచేసేవాళ్లు ఉన్నదున్నట్టు తీసుకోరు. తమ వాలుకు ఎంత తేడా వస్తుందో లెక్క వేసుకుని, ఆ తర్వాతే నిర్ణయం తీసుకుంటారు.

ఇక ఆ అలజడి దాటిపోయాక కథ మనవైపు తిరుగుతుంది. వెనకాల ఆకాశం తేటపడి, పొడిగా ఉండే చల్లగాలి వాయవ్యం నుంచి మధ్య భారతం మీదుగా కిందికి దిగుతుంది. ముందు ఆదిలాబాద్, తర్వాత నిజామాబాద్, మెదక్, సంగారెడ్డి. అందుకే కొండల్లో మంచు బాగా కురిసిందని వార్త చూసిన రోజునుంచీ నేను మెదక్ సూచనను రెండు పూటలా చూస్తాను. ప్రతిసారీ చలి దిగాలని లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే తూర్పుగాలి తేమను మోసుకొచ్చి మబ్బు కమ్ముతుంది, రాత్రి వేడి నిలుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్ని గుర్తు తెచ్చుకోండి. వాన ఇబ్బంది పెట్టింది గానీ రాత్రులు వణికించలేదు. మన చలి ఎప్పుడూ ఈ రెండు గాలుల మధ్య పెనుగులాట. ఏది గెలుస్తుందో అయిదు రోజుల సూచన చెబుతుంది. మొదటి రెండు మూడు రోజుల మాటకు బలం ఎక్కువ, తర్వాతి రోజులది సిద్ధపడమని చెప్పే మాట.

మబ్బు ఎందుకంత ముఖ్యం? పగలు నేల ఎండను తాగుతుంది, రాత్రి ఆ వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. మబ్బు గొంగడిలా కప్పి ఉంచితే వేడి మిగులుతుంది. గాలి ఆడితే పైనున్న వెచ్చని గాలి కిందికి కలుస్తుంది. ఆకాశం తేటగా, గాలి నిలిచిపోయి, పొడిగా ఉంటే నేలకు దిక్కు లేదు. సాయంత్రం ఏడింటికి వాకిట్లోకి వచ్చి చూడండి. చుక్కలు కడిగినట్టు మెరుస్తున్నాయా? కట్టెల పొయ్యి పొగ కొంత లేచి పైకి పోలేక చాపలా పరుచుకుంటోందా? పగలు ఆరేసిన బట్టలు తొందరగా ఆరి, పెదాలు పగిలాయా? మూడూ అవునంటే సూచనలో ఉన్న అంకె దగ్గరికి, లేదా దానికంటే కిందికే, తెల్లవారుజామున దిగుతుంది.

అంకెను మీ నేలకు తెచ్చుకోండి

పేపర్లో "మెదక్ కనిష్ఠం 11 డిగ్రీలు" అని చదువుతారు. ఆ 11 ఎక్కడిది? పరిశీలన కేంద్రంలో గాలి ఆడేలా పలకలు బిగించిన తెల్లటి పెట్టె ఉంటుంది. నేలకు నాలుగడుగుల పైన, నీడలో ఉండే ఆ పెట్టెలోని కొలత అది. మీ నారు నాలుగడుగుల ఎత్తున లేదు, జానెడు ఎత్తున ఉంది. తేట ఆకాశం, గాలి ఆడని రాత్రుల్లో నేలను ఆనుకున్న గాలి పెట్టెలోని గాలి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. కేంద్రంలో 11 అంటే మడిలో 8 కావచ్చు. చిన్నాయన నారు దెబ్బతిన్నది ఈ లెక్క తెలియకే.

రెండో తేడా పల్లానిది. గుల్మార్గ్‌లో ఎక్కేకొద్దీ చలి పెరుగుతుంది. మన దగ్గర గాలి నిలిచిన చలికాలపు తెల్లవారుజామున దిగేకొద్దీ పెరుగుతుంది. చల్లగాలి బరువైనది, నీళ్లలాగే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. నమ్మకం కుదరకపోతే జనవరిలో ఒకరోజు సూర్యుడు రాకముందే మెదక్ ఖిల్లా ఎక్కండి. కింద గేటు దగ్గర మఫ్లరు తియ్యబుద్ధి కాదు. పైకి చేరేసరికి మెడ చుట్టూ బరువనిపిస్తుంది. ఎక్కిన శ్రమ కొంత కారణమే, కానీ పైన పది నిమిషాలు కూర్చుని ఒళ్లు చల్లారాక చూడండి, తేడా అప్పుడూ తెలుస్తుంది. అక్కడినుంచి చూస్తే చెరువు కింది పొలాల మీద మంచు పాలపొరలా పరుచుకుని, గట్టు మీది తాటిచెట్ల తలలు మాత్రమే తేలి కనిపిస్తాయి. ఆ పొర ఎక్కడ ఉందో చలి అక్కడ నిలిచింది. అందులో మీ పొలం ఉందా, మీ ఇల్లు ఉందా, చూసుకోండి.

కాబట్టి ఒకే రోజున రెండు సంస్థలు రెండు అంకెలు ఇస్తే ఎవరో ఒకరు తప్పు చెప్పారని తేల్చకండి. యంత్రం ఊరి నడుమ ఉంటే ఒక అంకె, బయట పల్లంలో ఉంటే ఇంకో అంకె.

హెచ్చరికల సంగతీ తెలుసుకోవాలి. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లేదా అంతకంటే కిందికి దిగి, ఆ రోజుకు మామూలుగా ఉండాల్సిన దానికంటే నాలుగున్నర డిగ్రీలైనా తగ్గితే వాతావరణ శాఖ దాన్ని చలిగాలుల రోజు అంటుంది. తేడా 6.4 డిగ్రీలు దాటితే తీవ్రమైనది. మామూలు లెక్కతో పని లేకుండా నేరుగా 4 డిగ్రీలకు పడిపోయినా చలిగాలే, 2కు పడితే తీవ్రం. మామూలు కనిష్ఠం 14 అనుకుంటే, 9.5కు దిగితేనే ఆ పేరు వస్తుంది. 10.5 దగ్గర ఆగిపోతే హెచ్చరిక రాదు. వరి నారుకు మాత్రం ఈ నిబంధన తెలియదు, 12 డిగ్రీల దగ్గరే దాని ఎదుగుదల నిలిచిపోతుంది. ఎల్లో అలర్ట్ అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే వెంటనే కదలండి అని అర్థం. జిల్లా మొత్తానికి ఇచ్చే రంగు అది. మీ మడికి రంగు మీరే వెయ్యాలి.

విన్న తర్వాత కాదు, వినకముందే

ఈ అధ్యాయంలో ఒక్క సంగతి మాత్రమే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇది గుర్తుంచుకోండి. ఏ అంకెకు ఏం చెయ్యాలో సూచన రాకముందే, నవంబరులోనే, తీరికగా ఉన్న రోజున రాసి పెట్టుకోవాలి. చలి మొదలయ్యాక ఆలోచిస్తే "ఇవాళొక్క రోజు చూద్దాం" అనిపిస్తుంది. ఆ ఒక్క రోజే నారును తినేస్తుంది.

రాసేముందు చిన్న లెక్క. నారుమడి మీద కప్పడానికి ప్లాస్టిక్ పట్టా, కర్రలు, కూలి కలిపి ఒక చలి విడతకు 600 రూపాయలు అవుతుందనుకుందాం. కప్పకపోతే విత్తనం, దున్నకం, ఆలస్యం కలిపి 6,000 నష్టమనుకుందాం. నష్టం ఖర్చుకు పదింతలుంది. అంటే పది సూచనల్లో ఒక్కటి నిజమైనా కప్పినవాడు నష్టపోడు, రెండు నిజమైతే లాభపడ్డాడు. "నిరుడు చెప్పిన చలి రాలేదు, పట్టా దండగైంది" అని బాధపడేవాళ్లు ఈ లెక్క వేసుకోరు. ఖర్చు చిన్నది, నష్టం పెద్దది అయిన చోట సగం నమ్మకమున్న సూచనకే కదలాలి. ఖర్చే నష్టమంత పెద్దదైన చోట గట్టి నమ్మకం కుదిరేదాకా ఆగొచ్చు. మీ అంకెలు మీవి వేసుకోండి.

వరి నారు విషయంలో మొదటి నిర్ణయం తుకం పోయడానికి ముందే ఉంటుంది. విత్తనాన్ని ఒక రోజు నానబెట్టి, గోనెలో కట్టి మొలక తెప్పించి, ఆ తర్వాత చల్లుతాం. అంటే నానబోసిన రోజు నుంచి మొలక మడిలో నిలదొక్కుకునే దాకా దాదాపు అయిదారు రోజులు, అయిదు రోజుల సూచన ఇంచుమించు ఆ గడువుకు సరిపోతుంది. నానబోసే సాయంత్రం ఆ సూచన చూడండి. వరుసగా మూడు రాత్రులు 12 కంటే కిందికి ఉన్నట్టు చెబితే, సంచి విప్పకండి. నాలుగు రోజులు ఆగితే పోయేదేమీ లేదు. చలిని కొంత ఓర్చుకునే తెల్లహంస లాంటి రకం మీకు కుదురుతుందేమో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.

మడిలో నారు ఉండగా చలి వస్తే, సాయంత్రమే కర్రల ఆసరాతో ఆకులకు తగలకుండా పట్టా కప్పాలి, పొద్దున ఎండ వచ్చాక తీసెయ్యాలి. రాత్రంతా మడిలో నిలిచి చల్లబడ్డ నీళ్లను పొద్దుగాలే తీసేసి కొత్త నీళ్లు పెట్టాలి. ఇది పెద్దలు ఎప్పటినుంచో చెప్పే మాటే, కారణం మాత్రం ఎవరూ చెప్పరు. బోరు ముందు నిలబడి చూడండి, డిసెంబరు పొద్దున పైపులోంచి వచ్చే నీటి మీద ఆవిరి లేస్తుంది. భూమి లోపలి నీరు ఏడాది పొడవునా దాదాపు ఒకే వెచ్చదనంతో ఉంటుంది. చలికి అల్లాడే వేర్లకు అది వేడినీళ్ల స్నానం లాంటిది.

నారు పసుపుబడగానే యూరియా గుప్పించేవాళ్లను చాలామందిని చూశాను. చల్లబడ్డ వేరు తినలేని స్థితిలో ఉంటే పళ్లెంలో ఎంత పెట్టి ఏం లాభం? ముందు నీళ్లు మార్చండి. ఆకుల మీద జింకు లోపం మచ్చలు కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చెయ్యండి.

కోళ్ల షెడ్లవాళ్లకు ఈ రాతకోతలు చెప్పనక్కర్లేదు. మొదటి వారం కోడిపిల్లలకు 32 నుంచి 35 డిగ్రీలు కావాలి, సాయంత్రం పరదాలు దించడం ఒక్క రోజు మరిచినా ఏమవుతుందో వాళ్లకు తెలుసు. మెదక్ చుట్టుపక్కల సూచనను నిజంగా వాడుకుంటున్నవాళ్లను చూడాలంటే ఆ షెడ్ల దగ్గరికే వెళ్లాలి.

చర్చి గోపురమే కొలబద్ద

చలికంటే పొగమంచును ముందుగా చెప్పడం కష్టం. పొగమంచు ఒక వాగు మీద ఉండి పక్క వాగు మీద ఉండకపోవచ్చు. దీనికి మెదక్‌వాళ్లకు ఇంకెవరికీ లేని సౌకర్యం ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మన చర్చి గోపురం 175 అడుగులుంటుంది. మీ మేడ మీదినుంచి గోపురం కనిపిస్తే, ఫోన్ మ్యాపులో మీ ఇంటికీ దానికీ మధ్య దూరం ఒకసారి కొలిచి గోడ మీద రాసుకోండి. 500 మీటర్లనుకుందాం. పొద్దున గోపురం కనబడలేదంటే కనుచూపు 500 మీటర్ల లోపే. అలాగే 200 మీటర్ల దూరంలో ఒక నీళ్ల ట్యాంకో, సెల్ టవరో గుర్తు పెట్టుకోండి. అది కూడా కనబడకపోతే వాతావరణ శాఖ భాషలో దట్టమైన పొగమంచు. 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. పరిశీలన కేంద్రాల్లోనూ ఎరిగిన గుర్తులను చూసే కనుచూపును లెక్కగట్టే పద్ధతి ఉంది.

200 మీటర్ల గుర్తు కనిపించని రోజున 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కకండి. రామాయంపేట, చేగుంట, తూప్రాన్ మీదుగా ఆ దారిలో లారీలు రాత్రంతా నడుస్తాయి, అలసిన డ్రైవర్లు రోడ్డు పక్కనే ఆపుకుంటారు. మీరు గంట ముందు హైదరాబాద్ చేరాలన్న తొందరకూ ఆగిన లారీ వెనక భాగానికీ మధ్య ఉండేది ఆ తెల్ల తెర మాత్రమే. తప్పనిసరి ప్రయాణమైతే ముందురోజు సాయంత్రమే వెళ్లండి, లేదా అవతలివాళ్లకు ఫోన్ చేసి పదింటికి వస్తానని చెప్పండి. క్రిస్మస్ ఆరాధనకు తెల్లవారకముందే వేలమంది మెదక్ చేరతారు, చిన్నపిల్లలతో బైకుల మీద వచ్చేవాళ్లు ఎందరో. ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లో ఉండమని మీవాళ్లకు చెప్పండి.

ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి ఇంకో రెండు మాటలు. చలికి రక్తనాళాలు కుంచించుకుపోతాయి, రక్తపోటు పెరుగుతుంది. అయిదింటి నడక అలవాటున్న నాన్నను ఆ వారం మాత్రం ఎండ పొడచూపాక వెళ్లమని ఒప్పించండి. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దు. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ విషయంలో పెద్దలు కోప్పడినా వెనక్కి తగ్గకండి.

చిన్నాయన ఇప్పుడు మడి గట్టు మీద కర్ర పాతి, జానెడు ఎత్తున ఒక థర్మామీటరు కట్టాడు. నీడ కోసం పైన తాటాకు కప్పు. పొద్దున సూర్యుడు రాకముందు దాని అంకె, దాని పక్కన పేపర్లో వచ్చిన మెదక్ అంకె, ఆకాశం తేటా మబ్బా అనే ఒక్క మాట, ఇవి మనవడి పాత నోటుబుక్కులో రాయిస్తాడు. ఇరవై రోజుల రాత తర్వాత తేడా తేలింది. తేట రాత్రుల్లో ఆయన మడి పేపరు అంకె కంటే దాదాపు మూడు డిగ్రీలు చల్లన. అందుకే ఇప్పుడు సూచనలో 15 అని వినగానే పట్టా బయటికి తీస్తాడు. పక్క మడివాళ్లు "ఇంకా ఇగమే రాలే, గప్పుడేనా" అంటే నోటుబుక్కు చూపిస్తాడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ల మాట. మీరు డిసెంబరు ఒకటిన రాయడం మొదలుపెడితే శివరాత్రికి ఏడుపాయల జాతరకు వెళ్లే నాటికి డెబ్బైకి పైగా పొద్దుల లెక్క మీ చేతిలో ఉంటుంది. దాన్ని పారేయకండి. వచ్చే యాసంగికి విత్తనం నానబోసే ముందు ఒకసారి తెరిచి చూడండి.